జనానికొకటి, భ్రమరాంబకొకటి

నేను ఒక కెపాసిటర్‌ని. పేరు బరువుగా ఉంది కదా అని పెద్దగా ఊహించుకోకండి. చిక్కుడు గింజంత ఉంటాను. పచ్చరంగు, చదునైన ఒళ్లు, రెండు సన్నటి కాళ్లు. ఏ పాత రేడియోనో, మైకు పెట్టెనో మూత తీసినప్పుడు ఓ మూల నన్ను చూసే ఉంటారు. చూసి, ఇదేమిటని అడగాలని కూడా మీకు తోచి ఉండదు. నేనేం అనుకోను, అలవాటే.

నా ఉద్యోగం గేటు కాపలా. కరెంటు రెండు రకాలు. కదలకుండా ఒకే తీరున ఉండేది ఒకటి, ఊగుతూ వచ్చేది ఒకటి. మాట, పాట, దగ్గు, తుమ్ము అన్నీ ఊగుతూ వచ్చేవే. కదలనిదాన్ని ఆపాలి, ఊగేదాన్ని వెళ్లనివ్వాలి. అంతవరకు మా వాళ్లంతా ఒకటే. తేడా సైజులో ఉంది. పెద్ద కెపాసిటర్ లావు శబ్దాన్నీ సన్న శబ్దాన్నీ ఒకేలా పంపుతుంది. నాలాంటి చిన్నది లావు శబ్దాలను గుమ్మంలోనే ఆపి, సన్నవాటిని మాత్రం వదులుతుంది. దీన్ని చాలాకాలం నా అభిరుచి అనుకున్నాను. అది అభిరుచి కాదు, చేతకానితనమని తరువాత తెలిసింది.

నేను పుట్టింది ఎక్కడో ఓ ఫ్యాక్టరీలో. సన్నటి ప్లాస్టిక్ పొర, దానిమీద రేకు పొర, మళ్లీ ప్లాస్టిక్ పొర, అలా చుట్టి, నొక్కి, పచ్చరంగులో ముంచి ఆరబెట్టారు. ఒంటిమీద 223 అని అచ్చేశారు. అంటే ఇరవై రెండు నానోఫారడ్లట. నానో అంటే ఎంత చిన్నదో తెలియక కొన్నాళ్లు గర్వంగా తిరిగాను. పరీక్ష చేసినాయన "పది శాతం అటూ ఇటూ ఉన్నా తప్పు లేదు" అని నన్ను పాస్ చేసి పక్కన పడేశాడు. మనుషులకు ఈ వెసులుబాటు లేదనీ, పద్యం పాడేవాళ్లకైతే అసలే లేదనీ నాకు అప్పటికి తెలియదు.

అక్కడినుంచి హైదరాబాదు కోఠీలో ఓ కొట్టుకు, ఆ కొట్టునుంచి ఉపేంద్రాచారి చేతిసంచిలోకి, సంచిలోంచి తెనాలికి వచ్చాను. ఉపేంద్రాచారి మైకుసెట్లు తయారుచేస్తాడు, బాగుచేస్తాడు, పెళ్లిళ్లకూ నాటకాలకూ అద్దెకిస్తాడు. ఆయన కొట్లో సామాన్లన్నీ ఖాళీ ఇంగువ డబ్బాల్లో ఉంటాయి. మా డబ్బా పక్కనే, కరెంటుకు అడ్డుపడి తగ్గించే రెసిస్టర్ల డబ్బా. అందరం ఇంగువ కంపే. నన్ను మొదట ఉల్లిపాయల బండి మైకులో పెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఉల్లిపాయలే, ఉల్లిపాయలు" అనే ఒక్క ముక్కనే అటు మోశాను. నా కళాజీవితం అలా మొదలైంది. కొన్నాళ్లకు ఆ వ్యాపారి కొత్త స్పీకరు కొనుక్కుని పాత మైకు ఆచారికి వదిలేశాడు. ఆచారి ఏదీ పారేసే రకం కాదు. నన్ను ఊడబీకి, కాళ్లకు అంటుకున్న సీసం గీకి, మళ్లీ డబ్బాలో వేశాడు. కాళ్లు పొట్టివయ్యాయి. పొగరు మాత్రం తగ్గలేదు. అనుభవమున్నవాణ్ని కదా మరి!

ఆచారికి ఓ పద్ధతి ఉంది. పెట్టె చివర ఏ కెపాసిటర్ పెట్టాలి, ఏ రెసిస్టర్ పెట్టాలి అని ఆయన కాగితంమీద లెక్క వేయడు. క్లిప్పులతో ఒక్కోదాన్నీ తగిలిస్తాడు, ఆరోజు పేపరు తీసి రాశిఫలాలు మైకులో గట్టిగా చదువుతాడు, ఏది చెవికి ఇంపుగా ఉంటే దాన్ని అతికిస్తాడు. "మీటరు అబద్ధం చెప్పుద్దిగానీ నా చెవి చెప్పదు" అంటాడు. మేషం నుంచి మీనం దాకా వచ్చేలోపు ఎంపిక అయిపోవాలి. మా కొట్లో ప్రతి రెసిస్టరుకూ తన జాతకం తెలుసు.

ఒకరోజు భ్రమరాంబగారు వచ్చారు. పౌరాణిక నాటకాల్లో రాజు వేషానికి ఆమె పెట్టింది పేరు. ఆడమనిషి కిరీటం పెట్టుకుని, మీసం అతికించుకుని, గద భుజానేసుకుని వస్తే జిల్లాలో మగనటులు పక్కకు తప్పుకునేవాళ్లు. ఇప్పుడు అరవై దాటాయి. నేతచీర కట్టుకుని ఆచారి స్టూలుమీద కూర్చున్నా సింహాసనం మీద కూర్చున్నట్టే ఉంది. వెంట హార్మోనిస్టు యేసుపాదం ఉన్నాడు. ఆమె కొడుకు వయసువాడు, చాలాకాలంగా ఆమె పద్యాలకు శ్రుతి పట్టేది అతనే.

"నీ పెట్టె చెడిపోయింది ఆచారీ" అన్నారామె. "నా మాట ముద్దముద్దగా వస్తంది. పద్యం నోట్లో తిరుగుతుందిగానీ చెవికి అందట్లా. మొన్న రేపల్లెలో నా పరువు తీసింది నీ పెట్టె."

ఆచారి నొచ్చుకున్నాడు. పెట్టె ముందరేసుకుని విప్పాడు. అందులో ఆప్ యాంప్ అని ఎనిమిది కాళ్ల పురుగులాంటి ఐసీ ఒకటి ఉంటుంది. మైకులోని చిన్న శబ్దాన్ని పెద్దది చేసేది అదే. దాని గుమ్మం దగ్గర నల్లటి డ్రమ్ములాంటి పెద్ద కెపాసిటర్ కాపలా ఉంది. పది మైక్రోఫారడ్లవాడు. నాలాంటివాళ్లు నాలుగు వందల యాభైమంది కలిస్తే వాడి లెక్కకు చేరతాం. వాణ్ని తీసి, కొంచెం చిన్నవాణ్ని తగిలించి, మేషరాశి చదివాడు. ఆమె తల అడ్డంగా ఊపారు. ఇంకా చిన్నవాడు, వృషభం. ఊహూఁ. మిథునం, కర్కాటకం. డబ్బాలు అడుగంటుతున్నాయి. కన్యారాశికి నా వంతు వచ్చింది.

"కన్య. బంధువులతో విభేదాలు తొలగును" అని ఆచారి చదివాడు. నా చేతకానితనం కొద్దీ లావు శబ్దమంతా ఆపేశాను. మిగిలింది సన్నగా, పదునుగా బయటికి పోయింది.

"అదీ!" అని ఆమె స్టూలుమీంచి లేచారు. "అదీ మాటంటే! అక్షరమక్షరం పడతంది. ఇదే పెట్టు."

"నాకూ బాగానే ఉందమ్మా" అన్నాడు ఆచారి సంతోషంగా.

యేసుపాదం మాత్రం మొహం చిట్లించి చెవిలో వేలు పెట్టుకున్నాడు. నేను చూడలేదన్నట్టు ఊరుకున్నాను. పొగిడేవాళ్లు ఇద్దరుంటే మూడోవాడి మొహం ఎవరు చూస్తారు?

ఆమెను రిక్షా ఎక్కించి యేసుపాదం ఒక్కడే వెనక్కి వచ్చాడు. కొట్లో ఇంకెవరూ లేరని చూసుకుని చెప్పాడు.

"ఆచారిగారూ, మీ పెట్టెకేం కాలేదు. అమ్మగారికి చెవులు పోతన్నయ్. సన్నటి శబ్దాలు అందట్లా. రేపల్లెలో నా హార్మోనియం కూడా సరిగా వినపడలా. నేను ఒకచోట ఉంటే ఆమె పైకి పోయింది. జనంలో గుసగుసలు."

"అయ్యో! ఆ సంగతి చెప్పకపోయావా?"

"రాజుకు నీ చెవులు పోయినయ్ అని ఎవడు చెప్తాడండీ? మీరు చెప్తారా?"

యేసుపాదం ఇంకో ముక్క చెప్పాడు. నాటక సమాజం కార్యదర్శి దశరథరామిరెడ్డి తీర్మానం చేసేశాడట. వచ్చే నాటక పరిషత్తు పోటీలో ఆమె ఒక్కసారి శ్రుతి తప్పితే చాలు, రాజు వేషం ఇంకొకరికి. ఆమెకు సన్మానం చేసి, శాలువా కప్పి, ఇంట్లో కూర్చోబెడతారు. "శాలువా కప్పితే ఆమె బతకదండీ" అన్నాడు యేసుపాదం. నాకూ బాధ అనిపించింది. లావు శబ్దం కాదు కాబట్టి ఆ బాధ నాలోంచి సులువుగానే పోయింది.

"అయితే ఈ పచ్చదే పెడదాం. వినపడతంది అందిగా?" అన్నాడు ఆచారి.

"జనానికి దీన్ని పెడితే దోమ చెవిలో దూరి పద్యం పాడినట్టుంటదండీ."

"నాకు బాగానే ఉందే!"

యేసుపాదం ఆయన చెవుల వంక చూశాడు. హారన్ స్పీకర్ల ముందు జీవితమంతా నిలబడ్డ మనిషి ఆచారి. ఆ చెవులు కూడా ఎప్పుడో సర్దుకుని ఉంటాయని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ నన్ను మెచ్చిన చెవులను నేనెందుకు శంకిస్తాను?

ఇద్దరూ కలిసి ఓ ఉపాయం ఆలోచించారు. పద్యం మైకూ, హార్మోనియం మైకూ వచ్చి కలిసే ఆప్ యాంప్‌నుంచి బయటికి ఒక దారి కాదు, రెండు దారులు. ఒకటి జనంవైపు పెద్ద స్పీకర్లకు. రెండోది స్టేజీమీద భ్రమరాంబగారి కాళ్ల దగ్గర పెట్టే చిన్న స్పీకరుకు. జనం దారిలో పాత పది మైక్రోఫారడ్లవాడు. ఆమె దారిలో నేను. ఆమెకు వినపడేదే జనానికీ వినపడుతోందని ఆమె అనుకుంటుంది. ఎవరి చెవికి తగ్గది వాళ్లకు.

దారికొక రెసిస్టరు కూడా కావాలి. ఆప్ యాంప్ చాలా భయస్థుడు. పొడుగాటి తీగ నేరుగా తగిలిస్తే చివర ఏముందో తెలియక వణుకుతాడు. ఆ వణుకు స్పీకర్లో కూతై వస్తుంది. మధ్యలో ఓ రెసిస్టరు నిలబడితే ధైర్యం వస్తుంది. ఆచారి మొదట పది ఓముల అడ్డున్నది పెట్టాడు, వణుకు తగ్గలేదు. వెయ్యి ఓములది పెట్టాడు, వణుకు పోయిందిగానీ పొడుగు తీగ చివర మాట పదును కూడా పోయింది. నూరు దగ్గర కుదిరింది. తీగ పీకి పెట్టినప్పుడు ఠప్పున పేలకుండా దారి చివర ఇంకో పెద్ద రెసిస్టరును కాపలా ఉంచాడు. అప్పటికి రాశిఫలాలు అయిపోయి, పేపర్లో సంతాప ప్రకటనల దాకా వచ్చాడు.

నా సంగతి చెప్పాలి. నన్నే ఎంచుకున్నారని డబ్బాలో అందరికీ డప్పు కొట్టుకున్నాను. తీరా చూస్తే నాకు దక్కింది ఒక్క శ్రోత. ఆ ఒక్కరికీ చెవులు వినపడవు. వేలమంది ముందు పాడేది పక్కవాడు. ఉల్లిపాయల బండే నయం, కనీసం వీధి వీధీ విన్నది.

పెట్టె వెనకాల రెండు రంధ్రాలు. ఏది ఎవరిదో తెలియడానికి జనం రంధ్రం దగ్గర ఎర్రచుక్క, భ్రమరాంబగారి రంధ్రం దగ్గర తెల్లచుక్క పెట్టాడు ఆచారి. గుర్తు బాగానే ఉంది. మొదటి ఆటకు సరిగ్గా పనికొచ్చే ఏర్పాటని ఇద్దరూ టీ తాగి మరీ సంతోషించారు.

పరిషత్తు పోటీలో వాళ్ల సమాజానికి మధ్యాహ్నం వేళ ఇచ్చారు. హాలు నిండింది. నిండినవాళ్లంతా తలపండినవాళ్లే. కర్రలు, కళ్లజోళ్లు, మందుబిళ్లల డబ్బాలు, భోంచేసి వచ్చిన నిద్ర. పద్యనాటకం వినే వయసు అదే. న్యాయనిర్ణేతలు కూడా వాళ్ల ఈడువాళ్లే. కుర్రాళ్లెవరైనా ఉన్నారంటే బయట టీ అమ్ముతున్నారు.

ఆచారి పక్కతెర చాటున పెట్టె సర్దుతుండగా లైట్లాయన సభాదృశ్యానికి ఎర్రలైటు వేసి చూసుకుంటున్నాడు. ఆ ఎరుపులో తెల్లచుక్క కూడా ఎర్రగానే కనపడింది. రెండు చుక్కలూ ఒక్కటే అయిపోయాయి. ఆచారి కళ్లజోడు జేబులో ఉంది. తీసి పెట్టుకోవడమెందుకనుకున్నాడు కాబోలు, తెలిసిన పనే కదా అని తీగలు రెండూ అటుదిటూ ఇటుదటూ దూర్చేశాడు. తీగ అవతల తగిలిన స్పీకర్ల బరువు కొత్తగా ఉందని నాకు వెంటనే తెలిసింది. తెలిస్తే ఏం లాభం? నేను చెప్పేది వినడానికి అక్కడ చెవులున్నవాళ్లెవరు?

తెర లేచింది. భ్రమరాంబగారు వచ్చారు. మీసం, కిరీటం, ఎర్రటి పట్టు. మొదటి పద్యం ఎత్తుకున్నారు.

నేను యథాప్రకారం లావు శబ్దం ఆపి, సన్నది పంపాను. అది హాలంతా పరుచుకుంది. ధ్వని బక్కగా ఉందనిపించి ఆచారి వాల్యూమ్ పెంచాడు. హార్మోనియం దగ్గర యేసుపాదం ఉలిక్కిపడ్డాడు. హాల్లోంచి దోమ గొంతు, స్టేజీమీది చిన్న స్పీకర్లోంచి లావు గొంతు వస్తున్నాయి. సంగతి అర్థమై ఆచారి వైపు కళ్లతో సైగ చేశాడు. ఆచారి చుక్కల వంక వంగి, కళ్లజోడు పెట్టుకుని, నెత్తి కొట్టుకున్నాడు. తీగమీద చెయ్యి వేశాడు. ఇప్పుడు పీకితే పద్యం మధ్యలో తెగిపోతుంది. పీకకపోతే ఆమె వేషం పోతుంది. ఆయన తీగను పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం నాకు పెట్టెలోకి తెలిసింది. అప్పటిదాకా నాకు భయమంటే ఆప్ యాంప్‌ది మాత్రమే తెలుసు.

అప్పుడు ముందువరసలో, అన్నం తిని నిద్రలోకి జారిన ఓ పెద్దాయన కళ్లు తెరిచాడు. పక్కాయన్ని మోచేత్తో పొడిచాడు. పద్యం చివరి పాదానికి వరస మొత్తం ముందుకు వంగి వింటోంది.

"వన్స్‌మోర్!" అని అరిచాడు ఆ పెద్దాయన. "ఎన్నాళ్లకు మాట తెలిసిందయ్యా! వన్స్‌మోర్!"

హాలంతా అదే మాట. యేసుపాదం ఆచారి వైపు చూసి, పీకొద్దని తల అడ్డంగా ఊపాడు.

ఇక మిగిలింది ఆఖరి పద్యం. రేపల్లెలో శ్రుతి తప్పింది అక్కడే. రాగం సాగదీసి, పైకి తీసుకెళ్లి, ఊపిరాపి నిలబెట్టాలి. దశరథరామిరెడ్డి చేతులు కట్టుకుని అవతలి పక్కతెర దగ్గర నిలబడ్డాడు. ఆమె రాగం ఎత్తుకున్నారు. ఆ పదునంతా నేను జనానికి పంపేస్తున్నాను, ఆమెకు ఒక్క రవ్వ కూడా మిగల్చడం లేదు. జీవితంలో మొదటిసారి నా పని నేను చేస్తున్నందుకు సిగ్గుపడ్డాను. రాగం పైకి వెళ్లింది. ఇంకా పైకి వెళ్లింది. హార్మోనియం ఎక్కడుందో సరిగ్గా అక్కడ వచ్చి కూర్చుంది. వెంట్రుకవాసి కదలలేదు. యేసుపాదం కళ్లనీళ్లు హార్మోనియం మెట్లమీద పడ్డాయి, ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు.

తెర పడింది. చప్పట్లు ఆగలేదు. భ్రమరాంబగారు సగం మీసం ఊడబీకి, నేరుగా పెట్టె దగ్గరికి వచ్చారు.

"ఇయ్యాల నీ పెట్టె మళ్లీ ముద్దగా పలికింది ఆచారీ. నా మాట నాకు ఒక్కటి తెలియలా."

ఆచారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి శ్రుతి ఎట్టా నిలబెట్టావమ్మా?"

"కింద స్పీకర్లోంచి యేసుపాదం హార్మోనియం అరికాళ్లకు తగిలింది. దాన్ని పట్టుకుని పోయా. మాట నాకెందుకూ? మాట నాకు తెలిసిందేగా. వినాల్సింది వాళ్లు." యేసుపాదం వైపు తిరిగారు. "నాకు చెవులు పోయినయ్ గదా, నాయనా?"

యేసుపాదం తల దించుకున్నాడు. "పోయినయ్ అమ్మగారూ."

"ముందే చెప్పొచ్చుగా."

"ధైర్యం చాల్లేదమ్మా."

ఆమె అతని తలమీద చెయ్యి వేశారు. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. అంతలో రెడ్డి మొహమంతా నవ్వు చేసుకుని వచ్చాడు. "భ్రమరాంబగారూ! అదరగొట్టారు! వచ్చే ఏడు గూడా రాజు మీరే" అన్నాడు.

ఊరుకుంటే వేషం ఆమెదే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆమెకు అందరికన్నా బాగా తెలుసు.

"రెడ్డిగారూ, నాకు చెవుడొచ్చింది. తెలిసి ఇస్తే ఇవ్వండి, తెలియక ఇయ్యబాకండి" అన్నారామె.

రెడ్డి చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఆ? ఏందమ్మా?"

ఆమె గొంతు పెంచారు. రాజుగొంతు. పక్కనే స్టాండుమీద మైకు బతికే ఉందని ఎవరూ చూసుకోలేదు.

"నాకు చెవుడొచ్చిందయ్యా!"

ఆ అరుపు నా దగ్గరికి వచ్చింది. ఆ వాక్యంలో లావు శబ్దం నేను ఆపాల్సినంత ఏమీ లేదు. అక్షరం పొల్లుపోకుండా హాల్లోకి పంపించాను. గుమ్మం దాటబోతున్న కర్రలన్నీ టక్కున ఆగాయి. ఆచారి మైకు ఆపబోయి, ఆలస్యమైపోయిందని మానేశాడు. ఆమె కిరీటం తీసి చేత్తో పట్టుకుని, వచ్చేదేదో రానిమ్మన్నట్టు నిలబడ్డారు.

ముందువరస పెద్దాయన గొంతు వినపడింది.

"మాకు మాత్రం రాలేదేంటమ్మా? అందరికీ వచ్చింది! తెర లేపండయ్యా! వన్స్‌మోర్!"

హాలంతా నవ్వింది. నవ్వులోనే కర్రలు మళ్లీ కుర్చీలవైపు మళ్లాయి. రెడ్డి అటూ ఇటూ చూసి, ఇంకేమీ అనకుండా, తనే వెళ్లి తెరతాడు లాగాడు. యేసుపాదం హార్మోనియం ముందు కూర్చున్నాడు. భ్రమరాంబగారు చెప్పులు విడిచి, చిన్న స్పీకరుకు దగ్గరగా జరిగి, ఉత్త అరికాళ్లతో నిలబడ్డారు. కిరీటం పెట్టుకున్నారు. మీసం మాత్రం సగమే ఉంది.